కమీషను తిన్నదాన్నే మాట్లాడుతున్నాను

దేవరగట్టు అంటే మీకందరికీ కర్రలే గుర్తొస్తాయి. దసరా రాత్రి బన్ని ఉత్సవం. మాళమ్మ, మల్లేశ్వరుల విగ్రహాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కర్రలు పట్టుకుని కదులుతాయి. ఎన్ని తలలు పగిలాయో తెల్లారి పేపర్లో లెక్క వస్తుంది. మా హొళగుంద మండలానికి పోలీసులు, డాక్టర్లు, కెమెరాలు దండిగా వచ్చేది ఆ ఒక్క రాత్రికే. మిగతా ఏడాదంతా ఇక్కడి ఆడవాళ్ళ బతుకులో ఏం పగులుతున్నదో లెక్కపెట్టేవాళ్ళు లేరు. అందుకే నా లెక్క నేనే చెబుతాను. 23 ప్లాట్లు. కట్టిన సొమ్ము 9 లక్షల 81 వేల రూపాయలు. ఆ ప్లాట్లు అమ్మింది నేను. కొన్నది మా గట్టు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. ఈ రోజుకీ ఒక్కరి చేతికీ ప్లాటు రాలేదు, డబ్బూ రాలేదు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈమధ్య ఆదోనిలో జరిగిన మన సంఘాల సమావేశంలో ఒక తీర్మానం ప్రతిపాదించారు. ప్లాట్ల కంపెనీలకు ఏజెంట్లుగా పనిచేసిన ఆడవాళ్ళను ఇకమీదట ఏ బాధ్యతలోనూ ఉంచకూడదనీ, వీలైతే సభ్యత్వం నుంచే తీసేయాలనీ. "మోసగత్తెలను పక్కన పెట్టుకుని మనం హక్కుల గురించి ఎట్లా మాట్లాడతాం?" అని ఒక అక్క అడిగింది. చాలామంది తలూపారు. నేను వెనక వరసలో కూర్చుని ఉన్నాను. ఆ రోజు నోరు పెగల్లేదు. తీర్మానాన్ని వచ్చే సమావేశానికి వాయిదా వేశారు కాబట్టి ఆలోపల నా మాట వినిపిద్దామని ఈ పేజీలు అడిగి తీసుకున్నాను.

నన్ను ఏజెంటుగా ఎవరు ఎన్నుకున్నారో ముందు చెప్పాలి. 2018 దసరాకు ముందు, తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన మా ఊరికి కారులో వచ్చాడు. సర్పంచి ఇల్లు అడగలేదు, రైతుల్ని అడగలేదు. "పొదుపు సంఘం లీడరు ఎవరమ్మా?" అని అడిగాడు. కంపెనీకి తెలుసు, మా ఊళ్ళో ఏ మగవాడి మాటకూ లేని నమ్మకం సంఘం లీడరు మాటకు ఉందని. ఆ నమ్మకం ఎట్లా వచ్చింది? దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన రోజుల తర్వాత, రోజుకు రూపాయి దాచుకుంటూ, బ్యాంకు మెట్లు ఎక్కడానికి భయపడుతూ, ఒకరికొకరం పూచీ ఉంటూ పాతికేళ్ళు కష్టపడి సంపాదించుకున్నాం. ఆ పాతికేళ్ళ పరపతిని కంపెనీ ఒక్క మధ్యాహ్నంలో, ఒక స్టీలు డబ్బా స్వీట్లకు కొనుక్కుని పోయింది.

ఇది మనకు కొత్త కూడా కాదు. మైక్రోఫైనాన్సు వాళ్ళు చేసిందీ ఇదే. ఒకామె కంతు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందిని ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టారు. అప్పులవాడు రావలసిన చోటుకు పక్కింటి వదినను పంపారు. ఆత్మహత్యలు జరిగాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుడు మన సంఘాలు సరిగానే ఆలోచించాయి. గుమ్మం ముందు కూర్చున్న వదినను తప్పుబట్టకుండా, ఆమెను అక్కడ కూర్చోబెట్టిన కంపెనీని బోనులో నిలబెట్టాయి. ఆ తెలివి ప్లాట్ల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

కొన్నవాళ్ళెవరో కూడా చెప్పాలి. మా పక్క సుగ్గి అంటారు. వానలు పోతే, ఊళ్ళో పని అయిపోతే, పిల్లలనూ కోళ్ళనూ వెంటేసుకుని గుంటూరు మిరపకాయల కోతకో, పత్తి తీయడానికో పోవడం. హొళగుంద, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, ఎటు చూసినా ఇంటికి తాళమేసి ముసలాళ్ళను అరుగు మీద వదిలిపోయిన వీధులే. మూడు నాలుగు నెలలు చేను గట్టున పట్టా కప్పిన గుడిసెలో ఉంటారు. ఉగాదికి తిరిగొస్తారు, చీర కొంగులో కూలి డబ్బుతో. వచ్చి చూస్తే మట్టి మిద్దె ఒక పక్క కూలి ఉంటుంది. అట్లాంటి మనిషికి "అక్కా, ఆదోని రోడ్డు మీద నీకంటూ రెండున్నర సెంట్లు" అంటే ఎట్లా వినిపిస్తుందో, ఏ.సి. గదుల్లో ఆర్థిక అక్షరాస్యత పాఠాలు చెప్పేవాళ్ళకు అర్థం కాదు. వాళ్ళు ఆశపోతులు కాదు. వాళ్ళకు కావలసింది సామాను దించుకునే చోటు.

లెక్క ఇది. రెండున్నర సెంట్ల ప్లాటు లక్షా ఇరవై వేలు. ముందు పన్నెండు వేలు. తర్వాత నెలకు మూడు వేల చొప్పున 36 కంతులు. సుగ్గికి పోయేవాళ్ళు ఉగాదికి వచ్చి నాలుగైదు కంతులు ఒకేసారి కట్టేవాళ్ళు. నాకు కమీషను నూటికి ఎనిమిది. అందులో సగం మాత్రమే చేతికి. తక్కిన సగం రిజిస్ట్రేషను అయ్యాక ఇస్తామన్నారు. అంటే పద్దెనిమిది నెలల్లో నా చేతికి వచ్చింది 39,240 రూపాయలు, నెలకు రెండు వేల చిల్లర. 2019-20లో ఉపాధి హామీ కూలి రోజుకు 211 రూపాయలు. పదిరోజులు మట్టి తవ్వితే వచ్చేంత నేను నెలంతా తిరిగి సంపాదించాను. ఆటో ఛార్జీలు, ఫోను ఖర్చు, ప్లాటు చూడటానికి వచ్చిన వాళ్ళకు టీలు, అన్నీ అందులోనే. అయినా చేశాను. ఎందుకంటే ఎండలో వంగి చేసే పని కాదు. బ్యాగు పట్టుకుని పోతుంటే "మేడం" అనేవాళ్ళు. నా పేరు పక్కన "సీనియర్ మేనేజరు" అని కార్డు కొట్టించి ఇచ్చారు. ఆ కార్డు చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. కానీ ఆ మురిపెం అబద్ధం కాదు. ముప్పై ఏడేళ్ళకు మొదటిసారి నా పేరు అచ్చులో చూసుకున్నాను.

ఆ రోజుల్లోనే ఒక స్వచ్ఛంద సంస్థ శిక్షణా తరగతులు పెట్టి మమ్మల్ని మహిళా పారిశ్రామికవేత్తలని పిలిచింది. చప్పట్లు కొట్టించింది, ఫోటోలు తీసింది. ఆ ఫోటో వాళ్ళ వార్షిక నివేదికలో కూడా వచ్చింది. మార్కెట్టు నడిచినంత కాలం పారిశ్రామికవేత్తలం, పడిపోగానే మోసగత్తెలమా? రెండు పేర్లూ పెట్టింది మీరే. ఒక్కసారైనా కార్మికురాలు అని పిలిచారా?

మార్కెట్టు ఎట్లా పడిందో పెద్ద పెద్దవాళ్ళు రాశారు, నేను క్లుప్తంగా చెబుతాను. 2016 నవంబరులో నోట్లు రద్దయినప్పటి నుంచే మా పక్క భూముల బేరాలు కుంటుతున్నాయి. 2019లో ఇసుక దొరక్క కట్టే ఇళ్ళు ఆగిపోయాయి, తాపీ పనివాళ్ళు పస్తులున్నారు. ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చేసరికి కంపెనీవాళ్ళు ఎగిరి గంతేశారు. కర్నూలుకు హైకోర్టు వస్తుంది, ఆదోని జిల్లా అవుతుంది, ఇవాళ కొనకపోతే రేపు దొరకదు అని మాకు నేర్పించారు. మేమూ అదే అన్నాం. హైకోర్టుకూ దేవరగట్టు కింద ఎర్రమట్టికీ సంబంధమేమిటని నేనూ అడగలేదు, కొన్నవాళ్ళూ అడగలేదు. ఆ రాజధానుల చట్టాన్ని 2021 నవంబరులో ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 26 అయినప్పుడు అందులో ఆదోని పేరు లేదు. కానీ మా ఊళ్ళకు దెబ్బ తగిలింది అంతకంటే ముందే. 2020 ఉగాది మార్చి 25. లాక్‌డౌను మొదటి రోజు కూడా అదే. డబ్బు కొంగున కట్టుకుని రావలసిన నా అక్కచెల్లెళ్ళు గుంటూరు మిరప చేలల్లో చిక్కుకుపోయారు. తిండికే ఆ డబ్బు ఖర్చయింది. బస్సుల్లో వాళ్ళను తీసుకొచ్చేసరికి కంతులు తప్పాయి. రసీదు వెనక సన్న అక్షరాల్లో అచ్చయిన ఒక వాక్యాన్ని అప్పుడు కంపెనీవాళ్ళు చదివి వినిపించారు: వరుసగా మూడు కంతులు తప్పితే కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు. ఆ మాట చెప్పడానికి కూడా వాళ్ళు రాలేదు. నా చేతే చెప్పించారు. ఆ తర్వాత నెలకే ఆఫీసుకు తాళం పడింది, ఫోన్లు మూగపోయాయి.

మాతో పాటు మగ ఏజెంట్లూ ఉన్నారు. ఒకడు బళ్ళారిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు. ఇంకొకడు ఇప్పుడు వేరే కంపెనీ ప్లాట్లు అమ్ముతున్నాడు, ఊరి పెళ్ళిళ్ళకు పెద్దమనిషిలా వస్తాడు. వాళ్ళను ఎవరూ మోసగాళ్ళు అనలేదు. "వ్యాపారంలో దెబ్బతిన్నాడు పాపం" అన్నారు. మేము ఎక్కడికి పోతాం? మా బిందె ఈ కొళాయి కింద, మా పిల్లలు ఈ బడిలో. నా గుమ్మం ముందు కూర్చున్న వాళ్ళలో మా పెద్దమ్మ కూతురు కూడా ఉంది. నా చెవుల కమ్మలు అమ్మి ఇద్దరు ఒంటరి ఆడవాళ్ళకు పన్నెండు వేల చొప్పున ఇచ్చాను. మిగతావాళ్ళకు ఇవ్వలేదు, ఇవ్వలేను. నా మొగుడు ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు ఏమన్నాడో ఇక్కడ రాయను. అగ్రిగోల్డు 2015లో చేతులెత్తేసినప్పుడు, డబ్బు కట్టిన లక్షలాది కుటుంబాలతో పాటు ఊరూరా తిరిగి కట్టించిన ఏజెంట్లు కూడా ఉరేసుకున్నారు, మందు తాగారు. ఆ వార్తలు మనమందరం చదివాం. సాయంత్రం పూట ఇంటికి ఎవరెవరు వస్తారో అని తలుపు సందులోంచి చూడటం అంటే ఏమిటో నాకు తెలుసు.

ఇప్పుడు చట్టం సంగతి. 2016లో కేంద్రం తెచ్చిన రియల్ ఎస్టేటు చట్టాన్ని, అందరూ రెరా అంటున్నదాన్ని, నేను డబ్బు పోయాకే చదివాను. ముందు చదివి ఉంటే? అడగకండి. ఆ చట్టంలో ఏజెంటు అంటే ఎవరో రాశారు. కొనేవాళ్ళనూ అమ్మేవాళ్ళనూ కలిపి కమీషను తీసుకునే ప్రతి మనిషీ ఏజెంటే, ఏ పేరుతో పిలిచినా సరే. తొమ్మిదో సెక్షను ప్రకారం నేను రిజిస్టరు చేసుకోవాలి. చేసుకోకుండా అమ్మితే అరవై రెండో సెక్షను కింద రోజుకు పదివేల జరిమానా, అమ్మిన ప్లాటు ఖరీదులో నూటికి అయిదు దాకా. బాగుంది. చట్టం నన్ను గుర్తించింది, శిక్ష వేయడానికి. మరి నా కమీషను ఎంత ఉండాలి, ఎప్పుడివ్వాలి, సగం ఆపుకునే అధికారం కంపెనీకి ఎవరిచ్చారు? దానికి ఒక్క సెక్షను లేదు. ఎల్.ఐ.సి. ఏజెంట్లదీ కమీషను బతుకే. కానీ వాళ్ళకు గ్రాట్యుటీ ఉంది, 2023లో దాని పరిమితిని మూడు లక్షల నుంచి అయిదు లక్షలకు పెంచారు కూడా. కమీషను మీద బతికేవాళ్ళకు హక్కులు ఉండకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. వాళ్ళు యూనియన్లు పెట్టుకుని అడిగారు. మేము అడగలేదు, మీరూ మా తరఫున అడగలేదు.

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాటలూ ఉన్నాయి. అయిదు వందల చదరపు మీటర్లు దాటిన ఏ లేఅవుటునైనా రిజిస్టరు చేయకుండా అమ్మకూడదు. మా వెంచరు అయిదెకరాలు. పంచాయతీ తీర్మానం ఉంది, అదే అప్రూవలు అని మాకు చెప్పారు. సున్నం కొట్టిన రాళ్ళు, ఒక ఆర్చి, నాలుగు కొబ్బరి మొక్కలు, అంతే. ఇంకోటి, పదమూడో సెక్షను. ఖరీదులో నూటికి పది దాటి ఒక్క రూపాయి తీసుకోవాలన్నా ముందు రాతపూర్వకంగా అగ్రిమెంటు చేసి రిజిస్ట్రేషను చేయించాలి. లక్షా ఇరవై వేలకు పన్నెండు వేలు ముందు ఎందుకు పెట్టారో ఇప్పుడు చూడండి. సరిగ్గా నూటికి పది! చట్టం తెలిసినవాడే ఆ లెక్క వేశాడు. కానీ మొదటి మూడు వేల కంతు తీసుకున్న రోజే వాడు చట్టం దాటాడు. అట్లాంటి కంతులు 23 మంది మీద 235. నాలుగో సెక్షనులో మరొక మాట ఉంది. రిజిస్ట్రేషనుకు దరఖాస్తు పెట్టేటప్పుడు కంపెనీ తన ఏజెంట్ల పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. ఇవ్వలేదు, దరఖాస్తే పెట్టలేదు కదా. వాళ్ళ కాగితాల్లో నేను ఎక్కడా లేను. ఊరి నోళ్ళలో మాత్రం నేనే కంపెనీ.

నా తప్పు దాచుకోను. అన్నింటికంటే పెద్దది నేను అబద్ధం చెప్పడం కాదు, ఆ అబద్ధం నేనూ నమ్మాను. పెద్ద తప్పు రసీదుల్లో ఉంది. 23లో 16 రసీదులు మగవాళ్ళ పేర రాశాను. కట్టింది ఆడది, మిరపకాయ ఘాటుకు చేతులు మండించుకుని. రాసింది మొగుడి పేరు. "ఇంటిపెద్ద పేరు రాయమ్మా" అన్నాడు మేనేజరు, నేను రాశాను. 2020 డిసెంబరు 25న ప్రభుత్వం ముప్పై లక్షలకు పైగా ఇంటి పట్టాలు ఆడవాళ్ళ పేర్లతోనే ఇచ్చింది. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటులో ఏం ఇల్లు కడతామని మనం తిట్టాం, తిట్టాల్సిందే. కానీ పేరు ఎవరిది రాయాలో సర్కారుకు తెలిసింది, ఇరవై ఏళ్ళు సంఘంలో ఉన్న నాకు తెలియలేదు. ఆ పదహారు మందిలో ఒకామెను మొగుడు వదిలేశాడు. రేపు డబ్బు తిరిగొస్తే వాడికి పోతుంది. దానికి నన్ను ఏమన్నా పడతాను.

తీర్మానం గురించి అసలు మాట ఇదీ. ఆ కంపెనీ ఇచ్చిన రసీదుల్లో సగానికి సీలు లేదు. కొన్ని సుగ్గి గుడిసెల్లో తడిసిపోయాయి, కొన్ని చిరిగిపోయాయి. ఎవరు ఏ తేదీన ఎంత కట్టారో పూర్తి లెక్క ఎక్కడ ఉంది? నా నోటుబుక్కులో. నాలాంటి మరో ముగ్గురు ఆడవాళ్ళ నోటుబుక్కుల్లో. ప్రతి కంతు పక్కన కట్టినామె వేలిముద్రో సంతకమో ఉంది, కంపెనీకి జమ చేసిన తేదీ ఉంది. సంఘంలో నేర్చుకున్న అలవాటు అది. రసీదు మీద మొగుడి పేరున్నా, ఆ డబ్బు పెళ్ళాం చేతుల మీదుగా వచ్చిందని చెప్పే ఏకైక కాగితం కూడా అదే. మమ్మల్ని గెంటేస్తే ఎవరికి మేలు? కంపెనీకి! తన మీద సాక్ష్యం చెప్పగల నలుగురు ఆడవాళ్ళ నోరు మీ చేతే మూయించుకుంటుంది, పైసా ఖర్చు లేకుండా.

దారి లేదనుకోకండి. ప్లాట్లు చేసి అభివృద్ధి చేసిస్తామని డబ్బు తీసుకోవడం సేవ కిందికే వస్తుందనీ, కొన్నవాళ్ళు వినియోగదారుల కోర్టుకు పోవచ్చనీ 2012లో నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన హైదరాబాదు నుంచి పోయిన కేసే అది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, అంటే కర్నూలులో. అయిదు లక్షల లోపు సొమ్ముకు ఫీజు కూడా లేదు. రెండేళ్ళ గడువు దాటిపోయిందని భయపెడతారు. ప్లాటు అప్పగించనంత కాలం కారణం కొనసాగుతున్నట్టేనని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. రెరాకు ఆన్‌లైనులో ఫిర్యాదు పెట్టొచ్చు, వాయిదాకు విజయవాడ పోవలసి వస్తే ఒక రాత్రి ప్రయాణం. ఒక్కొక్క ఆడది ఒంటరిగా పోలేదు. సంఘం పోగలదు. ముందు వరసలో ఫిర్యాదుదారులు, పక్కన సాక్షులుగా మేము. నా మీద జరిమానా వేస్తారేమో, వేయనీ. అక్కడే నా ఆగిపోయిన సగం కమీషను సంగతీ అడుగుతాను. అది వస్తే నాకు వద్దు. గుమ్మం ముందు కూర్చున్నవాళ్ళు పంచుకోవాలి. కానీ అడగడం మానను. అడగకపోతే రేపు ఇంకో ఊళ్ళో ఇంకో లీడరును ఇదే పద్ధతిలో పెట్టుకుంటారు.

పెట్టుకుంటున్నారు కూడా. మొన్న ఎమ్మిగనూరు పోతుంటే దారిలో కొత్త ఆర్చి కనిపించింది. దాని కింద ఫ్లెక్సీ మీద ఏజెంట్లు కావలెను, మహిళలకు ప్రాధాన్యం అని రాసి ఉంది. ఆటో ఆపి నిలబడి చూశాను. లోపల షామియానా కింద ఆడపిల్లలు వరసగా కూర్చుని ఫారాలు నింపుతున్నారు. అందరూ పాతికేళ్ళ లోపువాళ్ళే, ఒక పిల్ల చంకలో బిడ్డ కూడా ఉంది. పోయి చెప్పాలనుకున్నాను. ఏమని చెప్పాలి? ఈ పని చేయొద్దని చెబితే, ఇంకేం పని ఉందని అడుగుతుంది. ఆదోని మిల్లుల్లో పని లేదు, మగ్గం నేసి బతకలేరు, మిగిలింది సుగ్గే. చేయమ్మా, కానీ రెరా నంబరు అడుగు, నీ పేరు వాళ్ళ కాగితాల్లో ఉందో లేదో చూడు, కమీషను రాతలో తీసుకో, కంతు కట్టిన మనిషి పేరే రసీదులో రాయి, నీ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకో. ఇది చెప్పడానికి నా వెనక ఒక సంఘం ఉండాలి. ఒంటరిగా పోయి చెబితే, పాత ఏజెంటు, కడుపుమంట అంటారు. ఆటో ఎక్కి వచ్చేశాను.

నా నోటుబుక్కు అట్ట ఊడిపోతే దారంతో కుట్టాను. 23 పేర్లు, 235 కంతులు, తేదీలతో సహా. వచ్చే సమావేశానికి తెస్తాను. తీర్మానం మీద చేతులెత్తే ముందు దాన్ని ఒకరి నుంచి ఒకరికి అందించండి. మీలో కొందరికి అందులో మీ చెల్లెలి వేలిముద్రో, వదిన వేలిముద్రో కనబడుతుంది.